మెంబరు గారి కన్ను

బాత్రూం సామాన్ల షాపు, బేరాలు లేని సాయంత్రం. తమ్ముడు గల్లాపెట్టె వెనక దర్జాగా ఉన్నాడు. అక్కకి కుర్చీ లేక, అమ్మకానికి పెట్టిన కమోడ్ మూత మీద కూర్చుంది. ఇక వాళ్ళిద్దరి మాటలే వినండి. మధ్యలో దూరితే నాకే నాలుగు తగులుతాయి.

"అంటే నాకు ఆపరేషన్ లేదంటావు."

"లేదనలేదక్కా. లేదని ఎవరన్నారు? నేనన్నానా?"

"పొద్దున కంటి క్యాంపు దగ్గర టేబుల్ ముందు కూర్చున్న పిల్ల అంది. నా పేరు చెప్పగానే లేచి నిలబడింది. 'మేడమ్, మీరు మన సేవా క్లబ్బు మెంబరు కదా, ఈ క్యూలో నిలబడకూడదు' అంది. నిలబడకూడదంటే కుర్చీ వేస్తుందేమో అనుకున్నా."

"వేసిందా?"

"బ్యాడ్జీ పెట్టింది. పెట్టి, మెంబర్లు సేవ చెయ్యాలే గానీ చేయించుకోకూడదంటూ చేతికో ట్రే ఇచ్చి, కళ్ళు కనబడనివాళ్ళకి టీలు అందించమంది. నాకేం కనబడి చచ్చిందని? ముగ్గురికి అందించా. నాలుగోది డాక్టరు గారి ఒళ్ళో పోశా."

"అయ్యయ్యో! ఏ డాక్టరు? పెద్దాయనా?"

"పెద్దాయనో చిన్నాయనో. నాకు తెల్లగా ఏదో అడ్డమొచ్చినట్టు కనబడింది, అంతే. ఆయన కెవ్వుమన్నాక మనిషని తెలిసింది."

"మా క్లబ్బుల గవర్నరు గారికి దగ్గర చుట్టమక్కా ఆయన!"

"ఒరేయ్ బుజ్జీ, నేనడిగేదేమిటి, నువ్వు చెప్పేదేమిటి?"

"అక్కా, షాపులో బుజ్జీ అనకు. పనివాళ్ళు వింటారు. ఇక్కడ నన్నందరూ ప్రెసిడెంట్ గారూ అంటారు."

"సరే ప్రెసిడెంట్ గారూ, నా కన్ను సంగతేమిటి?"

"చూద్దాం."

"ఎప్పుడు చూస్తావు? క్యాంపు శనివారంతో అయిపోతుంది. ఇది పోతే మళ్ళీ ఏడాదికి గానీ రాదు."

"రెండో కన్ను బాగానే ఉందిగా?"

"దానిక్కూడా పొర మొదలైందన్నారు. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానురా. మొన్నొకాయన చొక్కాకి గుండీ కుట్టమని ఇస్తే గుండీ వదిలేసి జేబు మూసి కుట్టేశా. పాపం పెన్ను పెట్టుకోబోయి అటూ ఇటూ పొడిచి చూసుకున్నాడు. నిన్న సూది వేలిలో దిగింది, ఇదిగో చూడు. మా షాపు ఆయన 'అమ్మా, ఈ నెలాఖరు వరకు చూస్తాను, తరవాత వేరే మనిషిని పెట్టుకుంటాను' అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే నా భయం. అరిచేవాడైతే మర్చిపోతాడు."

"మరీ అంత తొందరేంటి ఆయనకి?"

"ఆయన షాపు, ఆయన తొందర. కుట్టుపని పోతే నేనేం తిని బతకను?"

"బయట చేయించుకోవచ్చుగా అక్కా. ఇప్పుడు బోలెడన్ని కంటి ఆసుపత్రులొచ్చాయి. పావుగంటలో చేసేస్తున్నారు."

"చేయిస్తావా?"

"అది కాదు... ప్రెసిడెంటు అక్కే బయట చేయించుకుందంటే మన క్యాంపు పరువేం కాను?"

"మీ అత్తగారికి బయటేగా చేయించావు?"

"అదా... అది ఆవిడ కూతురు చూసుకుంది."

"ఆవిడ కూతురంటే నీ పెళ్ళాం."

"వాళ్ళ సంగతులు నన్నడక్కు."

"అసలు నన్ను మెంబర్ని ఎవడు చెయ్యమన్నాడురా? భోజనానికి కూర్చుంటే వచ్చి 'అక్కా, ఇక్కడో సంతకం పడెయ్' అన్నావు. ఏమిట్రా అంటే 'మంచి పనికే' అన్నావు. కరెంటు మీటరు మారుస్తున్నావు కాబోలు అనుకుని పెట్టేశా."

"నీ గౌరవం కోసం చేర్చానక్కా. ఎన్నాళ్ళని మామూలు మనిషిగా ఉంటావు?"

"గౌరవం సంగతి పక్కన పెట్టు. నిజం చెప్పు."

"అది కాదక్కా... మా క్లబ్బులన్నిటికీ పైన గవర్నరు గారుంటారు కదా, ఆయన ఆదివారం వస్తున్నారు. ఈ ఏడాది సభ్యుల్ని బాగా పెంచిన ప్రెసిడెంటుకి స్టేజీ మీద పతకం వేస్తారు. యాభై మంది ఉండాలి. నీతో సరిగ్గా యాభై."

"మిగతా వాళ్ళందరూ ఎవర్రా?"

"సంఘంలో పెద్దమనుషులు."

"మీ డ్రైవరు?"

"రవాణా రంగ ప్రముఖుడు."

"ఇక్కడ కమోడ్లు మోసే ఇద్దరూ?"

"ఒకడు పారిశుద్ధ్య నిపుణుడు, ఒకడు పారిశుద్ధ్య సలహాదారు. ఒక వృత్తికి ఒక్కరే ఉండాలని మా రూలు. అందుకని కొంచెం బుర్ర పెట్టాల్సొచ్చింది."

"నన్నేమని రాశావు?"

"వస్త్ర పునరుద్ధరణ నిపుణురాలు."

"అంటే ఏమిట్రా?"

"చిరుగులు కుట్టే..."

"అదేదో అలాగే ఏడవకపోయావా. సరే, అయిందేదో అయింది. నన్ను తీసెయ్. రాజీనామా ఇస్తా."

"అమ్మో, వద్దు! రాజీనామా ఇస్తే దాన్ని వచ్చే నెల మీటింగులో పెట్టి ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా నువ్వు మెంబరువే, ఆపరేషన్ లేదు. కానీ ఇచ్చిన క్షణం నుంచీ లెక్కలోంచి మాత్రం పోతావు. నలభై తొమ్మిదైపోతాం."

"అంటే నీ పతకానికి మెంబర్ని కాను, నా కంటికి మాత్రం మెంబర్నే?"

"నువ్వు రూలు భలే తొందరగా పట్టేశావక్కా. మావాళ్ళకి చెప్పడానికి రెండు మీటింగులు పట్టింది."

"నా బదులు ఇంకెవణ్ణయినా చేర్చుకో."

"ఎవడు చేరతాడు? కంటి క్యాంపు మెంబర్లకి లేదని ఊరంతా పాకిపోయింది. ఎవణ్ణి కదిపినా 'పళ్ళ క్యాంపు ఎప్పుడండీ, అది కానివ్వండి చూద్దాం' అంటున్నాడు... ఆగాగు, ఫోను. హలో! ఆఁ, మేస్త్రీ గారూ, ఆలోచించారా? ఏమీ లేదండీ, నెలకోసారి మీటింగు, మీటింగు కాగానే భోజనం... ఏంటీ? మోకాళ్ళా? మోకాళ్ళ క్యాంపు ఇంకా అనుకోలేదండీ... అనుకుంటే మెంబర్లకి... ఆఁ, ఉండదండీ, అది నిజమే... హలో? మేస్త్రీ గారూ?"

"పెట్టేశాడా?"

"లైను కట్టయింది."

"బుజ్జీ, నీకో దణ్ణం. నా కన్ను నాకిప్పించు. ఇంకేం అడగను."

"అసలు నువ్వు చేరినరోజు చెయ్యెత్తి ప్రమాణం చేశావు, గుర్తుందా? 'నాకంటూ ఏమీ కోరుకోను' అని."

"గుర్తుంది. నా పక్కన నువ్వూ ఎత్తావు చెయ్యి. పతకం ఎవరి మెళ్ళో వేస్తారుట?"

"...సరే. ఒక దారుంది."

"దారుంటే ఇంతసేపూ నన్నెందుకు చంపావు?"

"కొంచెం ఇబ్బందైన దారి. నిన్న మా రూల్సు పుస్తకం తిరగేశా. రాజీనామా చేసినవాళ్ళు లెక్కలోంచి పోతారు గానీ, మేము తీసేసినవాళ్ళు పోరు! ఈ ఏడాది లెక్కలో అలాగే ఉంటారు. పైగా క్రమశిక్షణ గల క్లబ్బని గవర్నరు గారి దగ్గర మంచి పేరు. తీసేసిన క్షణం నుంచీ నువ్వు మామూలు మనిషివి. రేపు పొద్దున్నే క్యూలో నిలబడొచ్చు. నీకు కన్ను, నాకు పతకం."

"ఎంత తెలివిరా నీకు! ఇదేదో మొన్నే చెయ్యకపోయావా? తీసెయ్ మరి."

"ఊరికే తీసెయ్యకూడదు. తప్పు చెయ్యాలి నువ్వు."

"నేనేం తప్పు చెయ్యను?"

"నన్ను తిట్టాలి."

"ఏమిటీ?"

"సాక్షి ముందు ప్రెసిడెంటుని నానా మాటలూ అంటే తక్షణం తొలగింపు. అదీ రూలు. మా క్లబ్బు సెక్రటరీని, అదే మన నోటరీ గారిని, రమ్మన్నా, వస్తూ ఉంటారు. ఆయన ముందు నువ్వు నన్ను తిడతావు. నేను 'ఎంత మాట!' అంటాను. ఆయన రాసుకుంటారు. అయిపోయింది."

"పరాయివాడి ముందు నిన్ను తిట్టమంటావా? నాకు నోరు రాదురా."

"చిన్నప్పుడు పొద్దున లేస్తే తిట్టేదానివి!"

"అప్పుడు నువ్వు జేబుల్లో మట్టి పోసుకొచ్చేవాడివి. ఇప్పుడు షాపులో కూర్చున్నావు, పెద్దమనిషివయ్యావు."

"ఆయన వచ్చేలోపు కాస్త అలవాటు చేసుకో. ఊఁ, కానీ. మొదలెట్టు."

"ఏమనను... నువ్వు పొట్టివాడివి."

"అదీ ఒక తిట్టేనా?"

"పొట్టివాడివే కదరా."

"అక్కా! ప్రెసిడెంటుగా తిట్టాలి. క్లబ్బు పనుల మీద తిట్టు. దుప్పట్లు పంచాం కదా, దాని మీద ఏదో ఒకటి అను."

"దుప్పట్లా... ఆఁ, ముసలివాళ్ళ ఆశ్రమంలో దుప్పట్లు పంచావు."

"అదీ. కొంచెం గట్టిగా."

"ఒక ముసలాయనకి దుప్పటి ఇచ్చావు. ఫోటో సరిగా రాలేదని వెనక్కి లాక్కున్నావు. మళ్ళీ ఇచ్చావు. వెలుతురు చాల్లేదని మళ్ళీ లాక్కుని వరండాలోకి నడిపించి ఇచ్చావు. ఆయన వణుక్కుంటూ 'బాబూ, ఈసారన్నా ఉంచుకోవచ్చా' అన్నాడు."

"...ఇంత వివరంగా వద్దక్కా. పైపైన అను."

"పైపైనా? సరే. బడిలో పిల్లలు చేతులు కడుక్కోవడానికి సింకు పెట్టించావు."

"మన షాపు సరుకే. పగలదు, గీత పడదు."

"ఎలా పగులుతుంది, వాడితేగా? సింకుంది, కుళాయుంది, గొట్టమేదిరా? నీళ్ళేవి? సింకు కంటే దాని మీద నీ పేరు చెక్కిన రాయి పెద్దది. పిల్లలు అందులో చెప్పులు పెట్టుకుంటున్నారు."

"గొట్టం రెండో దశలో వస్తుంది."

"రెండో దశ ఎప్పుడు?"

"మళ్ళీ ఓ ప్రారంభోత్సవం పెట్టాలి కదా... నువ్వు తిట్టక్కా, ప్రశ్నలేంటి మధ్యలో?"

"రక్తదానం రోజు..."

"అది వద్దు."

"ఎందుకొద్దు? ఆ ఫోటో మీ ఇంట్లో గోడ మీద ఉందిగా. మంచం మీద పడుకుని చిరునవ్వు నవ్వుతూ! సూది చూసి ఢామ్మని పడిపోతే నలుగురు ఎత్తి పడుకోబెట్టారు నిన్ను. రక్తం ఇచ్చినవాళ్ళ కోసం తెచ్చిన పళ్ళరసం నీకు పట్టారు."

"చిరునవ్వు నిజమేగా!"

"స్పృహ లేనప్పుడు నీ మొహం అలాగే ఉంటుంది. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా."

"చాలక్కా, చాలు. బ్రహ్మాండంగా వచ్చేసింది. ఆయన వచ్చాక ఇందులో ఒక్కటి అను, సరిపోతుంది."

"ఆగరా. నోరు రాదన్నాను గానీ, వచ్చాక ఆగేలా లేదు. అమ్మ సంగతి చెప్పనా?"

"అమ్మ సంగతి ఇప్పుడెందుకు?"

"పెద్దాసుపత్రిలో అమ్మ మంచం పక్కన నేల మీద పడుకున్నాను నేను. నువ్వు రాలేదు. షాపన్నావు, మీటింగన్నావు."

"అప్పుడు సీజనక్కా."

"వచ్చావు ఒకరోజు. రొట్టెలు పంచడానికి! నీ వెనక కెమెరా, కెమెరా వెనక గవర్నరు. వరసగా ఒక్కో మంచం దగ్గరా ఆగుతూ వస్తున్నావు. అమ్మ లేచి కూర్చుంది. జుట్టు సర్దుకుంది. 'బుజ్జి వచ్చాడే' అంది నాతో. నువ్వొచ్చి ఆగావు. రొట్టె ప్యాకెట్టు అమ్మ చేతిలో పెట్టావు. కెమెరా వైపు తిరిగావు. పక్క మంచానికి వెళ్ళిపోయావు."

"అక్కా..."

"వెళ్ళిపోయావురా! 'అమ్మా' అని కూడా అనలేదు."

"గవర్నరు గారు వెనకే ఉన్నారక్కా. మా అమ్మ ఆ వార్డులో ఉందని ఆయనకెలా చెప్పను?"

"నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నీ చెంప పగలగొడదామనుకున్నా. అమ్మే నా చెయ్యి పట్టుకుని ఆపింది. పక్క మంచమావిడతో 'వాడు మా వాడే, చాలా పెద్దవాడైపోయాడు' అని సంబరంగా చెప్పుకుంది. ఆ రొట్టె తినలేదు. తలగడ కింద దాచుకుంది."

"ఆపక్కా. ఇది రిహార్సలు."

"రిహార్సలే. నేను కాదన్నానా?"

"మరి ఆ ఏడుపేంటి?"

"కంట్లో పొరుంటే నీళ్ళు కారతాయిట. డాక్టరు చెప్పాడు. నువ్వెందుకు అటు తిరిగావు?"

"ఏం లేదు. ఆ అద్దం మీద దుమ్ముంటే చూస్తున్నా."

"నమస్కారమండీ. లోపలికి రావచ్చా?"

"నోటరీ గారా! రండి రండి. ఎప్పుడొచ్చారు?"

"దుప్పట్ల దగ్గర వచ్చానండీ. మధ్యలో అడ్డు రావడం బాగుండదని గుమ్మం బయట ఆ వాష్‌బేసిన్ల వెనక నిలబడ్డాను."

"మంచి పని చేశారు! అన్నీ విన్నారుగా? ఎంత మాట! ప్రెసిడెంటుని పట్టుకుని ఎంతెంత మాటలు! రాసుకోండి, తక్షణం తొలగింపు."

"కుదరదండీ."

"కుదరదేంటి? పుస్తకంలో నేనే చూశాను."

"మీరు పేజీ పైభాగం చూసినట్టున్నారు, రూలు కింది దాకా ఉంది. ప్రెసిడెంటు గురించి సాక్షి ముందు అబద్ధం చెప్పిన మెంబర్ని తక్షణం తీసెయ్యొచ్చు. అబద్ధం అని ఉందండీ. అమ్మగారు ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆ దుప్పటికి రెండో కొస పట్టుకుంది నేనేగా? రొట్టెల బుట్ట మోసిందీ నేనే."

"మీరు మా సెక్రటరీయా, ఆవిడ తరఫు లాయరా?"

"నోటరీనండీ. నిజం కాదని తెలిసి దేని మీదా ముద్ర వెయ్యను. పోనీ నిజాలే అన్నారని రాయమంటారా? దానికి వేరే రూలుంది. విచారణ సంఘం వెయ్యాలి. దుప్పట్లు, సింకు, రక్తదానం, రొట్టెలు, అన్నీ ఆదివారం గవర్నరు గారి ముందు పెట్టాలి."

"విచారణా? వద్దొద్దు! మీరేం వినలేదు, ఆవిడేం అనలేదు. అక్కా, అదంతా వెనక్కి తీసుకో. తీసుకుని నా గురించి ఒక్క అబద్ధం చెప్పు. ఒక్కటంటే ఒక్కటి."

"ఏం చెప్పనురా?"

"దొంగ అను."

"నువ్వు దొంగవి."

"రాయండి నోటరీ గారూ!"

"ఆగండి. మిగిలిన దుప్పట్లు ఎక్కడున్నాయో నాకింకా ఎవరూ చెప్పలేదు. అది తేలకుండా అబద్ధమని ఎలా రాయను?"

"సరే, అది వదిలెయ్. తాగుబోతు అనక్కా."

"క్లబ్బు వార్షికోత్సవం నాడు మిమ్మల్ని ఇంటికి చేర్చింది నేనేనండీ."

"అబ్బబ్బ! పిసినారి అను. అదైతే ఎవరూ నమ్మరు."

"అమ్మగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అది అబద్ధమంటే నా చెయ్యి రాదండీ."

"ఇంక నా వల్ల కాదురా. పొద్దు వాలుతోంది, చీకటి పడితే నాకు గుమ్మం కూడా కనబడదు. నే వెళ్తా."

"మరి ఆపరేషనక్కా?"

"పోనీలే. నా రాత ఇంతే అనుకుంటా. నోటరీ గారూ, మీతో ఒక్క మాట."

"చెప్పండమ్మా."

"నేనంటే అక్కని. కడుపు మండి నాలుగు అన్నాను, రేపు పొద్దున మళ్ళీ అంటాను. మీరు మాత్రం విచారణా గిచారణా అని వాణ్ణి బెదరగొట్టారో, నేను ఊరుకోను. చూడండి, మొహం ఎలా పాలిపోయిందో."

"నీకు కనబడుతోందా అక్కా?"

"నీ మొహం నేను కళ్ళతో చూడాలిట్రా? నోటరీ గారూ, ఎవరెన్ని చెప్పినా నమ్మకండి. మా బుజ్జి పతకాల కోసమూ ఫోటోల కోసమూ పాకులాడే రకం కాదు. నలుగురికీ మంచి జరగాలని, ఆ ఒక్క ఆశతోనే క్లబ్బులో చేరాడు."

"చాలమ్మా, ఈ ఒక్క మాట చాలు, రాసేసుకుంటున్నాను. రేపు పొద్దున్నే వెళ్ళి క్యూలో నిలబడండి."